హార్మోన్ ఒకటే, అందుకునే కణాలు వేరు: గర్భాశయ సంకేత వ్యవస్థపై ఒక సమీక్ష

నెలసరి గురించి బడి పుస్తకాల్లో వేసే బొమ్మ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అడుగున 1 నుంచి 28 దాకా రోజులు, వాటి పైన రెండు గీతలు. మొదటి రెండు వారాల్లో ఈస్ట్రోజెన్ గీత లేస్తుంది. తర్వాతి రెండు వారాల్లో ప్రొజెస్టిరాన్ గీత లేస్తుంది. రెండూ దిగిపోగానే రక్తస్రావం మొదలవుతుంది. ఆ బొమ్మలో తప్పేమీ లేదు. కాకపోతే అది రక్తంలో ఏముందో చెబుతుంది. ఆ రక్తం చేరిన గర్భాశయంలో కణాలు ఏం చేస్తున్నాయో చెప్పదు.

ఒకే మోతాదు హార్మోన్ ఉన్న ఇద్దరు స్త్రీలలో ఒకరికి నెలసరి సాఫీగా సాగిపోతుంది, మరొకరు నొప్పితో మంచం దిగలేరు. ఒకే మాత్ర రొమ్ములో కణితిని ఆపుతుంది, గర్భాశయంలో కణాలను పెంచుతుంది. ప్రొజెస్టిరాన్ ఉన్నా కొందరిలో పిండం నిలవదు. వీటికి రక్తపరీక్ష కాగితంలో జవాబు దొరకదు. హార్మోన్‌ను ఏ కణం అందుకుంది, అందుకున్నాక పక్క కణానికి ఏ సంకేతం పంపింది అన్నచోట దొరుకుతుంది. గత మూడు నాలుగు దశాబ్దాల పరిశోధన మనకు నేర్పింది ఇదే. ఆ పరిశోధన నడిచిన దారిని, తేల్చిన విషయాలను, వైద్యంలో దాని పర్యవసానాలను ఈ వ్యాసం సమీక్షిస్తుంది.

పొర, కణాలు, చక్రం

గర్భాశయం గోడలో బయటిది మందపాటి కండర పొర, మయోమెట్రియం. లోపలిది మెత్తని పొర, ఎండోమెట్రియం. ప్రతి నెలా మారేది ప్రధానంగా ఈ లోపొరే. అందులోనూ పైభాగం ఊడిపోతుంది, అడుగుభాగం నిలిచి ఉండి మళ్లీ కొత్త పొరను పుట్టిస్తుంది. నెలసరి ముగిసేనాటికి కొద్ది మిల్లీమీటర్లే ఉండే ఈ పొర, చక్రం రెండో సగానికి చాలామందిలో ఒక సెంటీమీటరు దాకా మందమవుతుంది.

ఈ పొరలో రెండు ముఖ్యమైన కణజాతులున్నాయి. ఉపరితలాన్ని, గ్రంథుల గోడలను కప్పి ఉండేవి ఉపకళా కణాలు. వాటి కింద ఆధారంగా పరుచుకున్నవి స్ట్రోమా కణాలు. వీటి మధ్య మెలికలు తిరిగిన సన్నని ధమనులు, రోగనిరోధక కణాలు ఉంటాయి. ఉపకళ, స్ట్రోమా అన్న ఈ రెండు పేర్లను పాఠకులు గుర్తుంచుకుంటే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

24 నుంచి 38 రోజుల మధ్య వచ్చే చక్రాన్ని వైద్యులు మామూలుగానే లెక్కిస్తారు. మొదటి సగంలో అండాశయంలో పెరిగే పుటిక ఈస్ట్రోజెన్‌ను, ముఖ్యంగా ఎస్ట్రడయోల్‌ను విడుదల చేస్తుంది. అండం విడుదలయ్యాక అదే పుటిక కార్పస్ లూటియంగా మారి ప్రొజెస్టిరాన్ ఇస్తుంది. గర్భం రాకపోతే అది సుమారు రెండు వారాలకు వాడిపోతుంది. మనుషుల మీద చేయలేని ప్రయోగాలు ఎలుకల్లో చేశారు కాబట్టి ఈ రంగంలోని జ్ఞానంలో పెద్ద వాటా వాటి నుంచే వచ్చింది. చిట్టెలుక చక్రం నాలుగైదు రోజులే, దానికి నెలసరి రాదు. ఈ తేడా వల్ల ఎలుకలో రుజువైనదంతా మనిషికి వర్తించదు. అది ఎక్కడెక్కడ వర్తించలేదో ముందు ముందు చూద్దాం.

రక్తం నుంచి కేంద్రకం దాకా

గర్భాశయాన్ని నడిపేది నరాలు కాదని, అండాశయం రక్తంలోకి వదిలే ఏదో పదార్థమని 1900 ప్రాంతంలో వియన్నాలో ఎమిల్ క్నౌర్, జోసెఫ్ హాల్బన్ చేసిన అండాశయ మార్పిడి ప్రయోగాలు తేల్చాయి. 1908లో అదే నగరంలో హిట్ష్‌మన్, ఆడ్లర్ అనే వైద్యులు ఎండోమెట్రియంలో నెలనెలా కనిపించే మార్పులు జబ్బు లక్షణాలు కావని, సహజమైన చక్రమని చూపించారు. అంతకుముందు వీటిలో చాలా మార్పులను వాపుగా భావించి చికిత్స చేసేవారు. 1923లో ఎడ్గర్ ఆలెన్, ఎడ్వర్డ్ డోయిసీ ఈస్ట్రోజెన్ ఉనికిని పట్టుకున్నారు. 1929లో జార్జ్ కార్నర్, విల్లర్డ్ ఆలెన్ అండాశయాలు తీసేసిన కుందేళ్లకు కార్పస్ లూటియం సారం ఎక్కించి గర్భం నిలబెట్టారు. 1934 నాటికి ప్రొజెస్టిరాన్ స్ఫటిక రూపంలో చేతికందింది.

హార్మోన్లు దొరికాయి. అవి కణంలో ఏం చేస్తాయన్నది తెలియలేదు. వాటిని కణంలోని ఎంజైములు వాడుకుంటాయని ఆనాటి శాస్త్రవేత్తల్లో చాలామంది నమ్మారు. 1950ల చివర్లో షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సన్ రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించిన ఎస్ట్రడయోల్‌ను లేత వయసు ఎలుకలకు ఎక్కించి చూశారు. కండరాల్లోకి చేరిన హార్మోన్ త్వరగా వెళ్లిపోయింది. గర్భాశయంలో చేరింది మాత్రం నిలిచిపోయింది, అదీ రసాయనికంగా ఏ మార్పూ లేకుండా. అంటే దాన్ని అక్కడ ఎవరో పట్టుకుంటున్నారు, వాడుకోవడం లేదు. ఆ పట్టుకునే ప్రొటీనే ఈస్ట్రోజెన్ గ్రాహకం. ఒక హార్మోన్‌కు గ్రాహకం ఉండడమన్న భావన వైద్యశాస్త్రంలో స్థిరపడడానికి గర్భాశయమే తొలి వేదిక అయింది.

ఈ దశలో ఒక భారతీయ శాస్త్రవేత్త పేరు చెప్పుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో పనిచేసిన జి.పి. తల్వార్ 1964లో షెల్డన్ సీగల్ తదితరులతో కలిసి అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. గర్భాశయంలో ఎస్ట్రడయోల్ బంధనానికీ, ఆర్‌ఎన్‌ఏ తయారీ మీద ఉన్న అదుపు తొలగడానికీ సంబంధం ఉందన్నది ఆ పత్రం సారాంశం. హార్మోన్ అంతిమంగా జన్యువుల మీద పనిచేస్తుందన్న ఆలోచనను ముందుకు నెట్టిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

1980ల మధ్యలో ఈస్ట్రోజెన్ గ్రాహకపు జన్యువును వేరుచేశారు. 1996లో స్వీడన్‌లో గుస్తాఫ్‌సన్ బృందం రెండో గ్రాహకాన్ని కనుగొంది. దాంతో మొదటిది ఆల్ఫా, రెండోది బీటా అయ్యాయి. ప్రొజెస్టిరాన్ గ్రాహకానికి కూడా ఏ, బీ అని రెండు రూపాలున్నాయి, రెండూ ఒకే జన్యువు నుంచే వస్తాయి. హార్మోన్ అంటుకోగానే ఈ గ్రాహకాలు డీఎన్‌ఏ మీద తమకు సరిపడే చోట కూర్చుని, సహాయక ప్రొటీన్లను పిలిపించుకుని, జన్యువులను తెరుస్తాయి లేదా మూస్తాయి. కొన్ని సందర్భాల్లో కణ పొర దగ్గరే నిమిషాల్లో పనిచేసే తక్షణ సంకేతాలనూ పుట్టిస్తాయి.

ఈస్ట్రోజెన్: పెరగమన్న ఆజ్ఞ ఎవరికి చేరుతుంది?

చక్రం మొదటి సగంలో ఉపకళా కణాలు వేగంగా విభజన చెందుతాయి. ఆ కణాల్లో ఈస్ట్రోజెన్ గ్రాహకాలు పుష్కలంగా ఉంటాయి. కాబట్టి హార్మోన్ నేరుగా ఉపకళను చేరి దాన్ని పెంచుతోందని అందరూ అనుకున్నారు. 1993లో ఆల్ఫా గ్రాహకం లేని చిట్టెలుకలను సృష్టించాక ఈ నమ్మకాన్ని పరీక్షించే వీలు చిక్కింది.

1997లో పాల్ కుక్, జెరాల్డ్ కున్హా, కెన్నెత్ కోరాక్ తదితరులు మామూలు ఎలుకల నుంచి, గ్రాహకం లేని ఎలుకల నుంచి ఉపకళనూ స్ట్రోమానూ విడదీసి, అటూ ఇటూ మార్చి అతికించారు. ఉపకళలో గ్రాహకం ఉండి స్ట్రోమాలో లేకపోతే, ఎంత ఈస్ట్రోజెన్ ఇచ్చినా ఉపకళ పెరగలేదు. స్ట్రోమాలో గ్రాహకం ఉండి ఉపకళలో లేకపోతే, ఉపకళ చక్కగా పెరిగింది. పెరగమన్న కబురు ఉపకళకు నేరుగా రాదు, పక్కింటి వాళ్ల ద్వారా వస్తుంది. తర్వాతి సంవత్సరాల్లో ఉపకళలో మాత్రమే గ్రాహకాన్ని తొలగించిన ఎలుకలు కూడా ఇదే ఫలితాన్నిచ్చాయి.

ఆ కబురు మోసేవి స్ట్రోమా విడుదల చేసే వృద్ధి కారకాలు. ఐజీఎఫ్-1, ఎఫ్‌జీఎఫ్ కుటుంబానికి చెందిన ప్రొటీన్లు వీటిలో ముఖ్యమైనవి. ఇవి ఉపకళా కణం మీద తమ గ్రాహకాలకు అంటుకుని, లోపల ఎర్క్ అనే సంకేత వరుసనూ, పీఐ3కే–ఏకేటీ అనే మరో వరుసనూ మేల్కొలుపుతాయి. అక్కడి నుంచి కణ విభజనను నడిపే సైక్లిన్లు కేంద్రకంలోకి చేరతాయి. విభజన మొదలవుతుంది.

ఈస్ట్రోజెన్ చేసే మరో పని అంత కొట్టొచ్చినట్టు కనిపించదు గానీ ప్రాధాన్యంలో దీనికి తీసిపోదు. అది ఎండోమెట్రియంలో ప్రొజెస్టిరాన్ గ్రాహకాలను తయారు చేయిస్తుంది. మొదటి రెండు వారాలు ఈస్ట్రోజెన్ సరిగా పనిచేయకపోతే, తర్వాత వచ్చే ప్రొజెస్టిరాన్‌ను అందుకునేవారే ఉండరు. ఒక హార్మోన్ తన తర్వాత రాబోయే హార్మోన్‌కు గ్రాహకాలను సిద్ధం చేసి పెడుతోంది. ఆ రెండోది వచ్చి మొదటిదాని గ్రాహకాలను తగ్గిస్తుంది. చక్రం ముందుకే నడవడానికి, మధ్యలో చిక్కుపడి ఆగకపోవడానికి ఈ అమరికే కారణం.

ప్రొజెస్టిరాన్: ఆపు, మార్చు

అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ రెండు పనులు చేస్తుంది. ఉపకళ పెరుగుదలను ఆపుతుంది. స్ట్రోమాను పిండానికి ఆతిథ్యమిచ్చే కణజాలంగా మారుస్తుంది. ప్రొజెస్టిరాన్ గ్రాహకం లేని ఎలుకలను 1995లో జాన్ లిడన్, బెర్ట్ ఓమాలీ బృందం రూపొందించింది. వాటిలో అండం విడుదల కాలేదు. గర్భాశయంలో ఉపకళ అదుపు లేకుండా పెరిగి వాచింది. ప్రొజెస్టిరాన్ లేని చోట ఈస్ట్రోజెన్ ఎక్కడికి దారితీస్తుందో చూపిన నమూనా అది.

ఈ ఆపే పనిలో కూడా కబురు అటూ ఇటూ తిరుగుతుందని తర్వాత తెలిసింది. ఎలుకలో ప్రొజెస్టిరాన్ మొదట ఉపకళ చేత ఇండియన్ హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. అది స్ట్రోమాకు చేరి కూప్-టీఎఫ్2 అనే నియంత్రకాన్ని మేల్కొలుపుతుంది. ప్రొజెస్టిరాన్ అదుపులోనే స్ట్రోమాలో హ్యాండ్2 అనే మరో నియంత్రకం కూడా ఉత్పత్తవుతుంది. 2011లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మిలన్ బాగ్చీ, ఇంద్రాణి బాగ్చీ బృందం ఈ హ్యాండ్2 చేసే పనిని సైన్స్ పత్రికలో వివరించింది. ఇది స్ట్రోమా నుంచి ఎఫ్‌జీఎఫ్‌ల విడుదలను ఆపుతుంది. ఎఫ్‌జీఎఫ్ ఆగితే ఉపకళలో ఎర్క్ వరుస నిద్రపోతుంది, విభజన నిలిచిపోతుంది. ఈస్ట్రోజెన్ ఏ దారిన కబురు పంపిందో సరిగ్గా ఆ దారినే ప్రొజెస్టిరాన్ మూసేస్తోంది.

దీనికి తోడు ప్రొజెస్టిరాన్ ప్రభావంతో ఉపకళలో 17-బీటా-హెచ్‌ఎస్‌డీ-2 అనే ఎంజైమ్ పెరుగుతుంది. అది శక్తిమంతమైన ఎస్ట్రడయోల్‌ను బలహీనమైన ఈస్ట్రోన్‌గా మార్చేస్తుంది. రక్తంలో ఎస్ట్రడయోల్ ఉన్నా లోపొరలో దాని జోరు తగ్గుతుంది. గ్రాహకాలను తగ్గించడం, కబురును ఆపడం, హార్మోన్‌నే బలహీనపరచడం: ఇలా మూడంచెల కాపలా ఉంది.

రెండో పని స్ట్రోమాను మార్చడం, డెసిడ్యువలైజేషన్. సన్నగా పొడవుగా ఉండే స్ట్రోమా కణాలు గుండ్రంగా పెరిగి, ప్రొలాక్టిన్, ఐజీఎఫ్‌బీపీ-1 వంటి ప్రొటీన్లను వదలడం మొదలుపెడతాయి. దీనికి ప్రొజెస్టిరాన్ ఒక్కటే చాలదు. కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు కూడా పెరగాలి. రెండూ కలిస్తే ఫాక్స్ఓ1, సీఈబీపీ-బీటా వంటి నియంత్రకాలు కదిలి, వందలాది జన్యువుల పని తీరు మారిపోతుంది. ఎలుకలో పిండం తగిలితేనే ఈ మార్పు మొదలవుతుంది. మనిషిలో పిండం ఉన్నా లేకపోయినా ప్రతి నెలా దానంతట అదే మొదలవుతుంది. మనకు నెలసరి రావడానికీ దీనికీ విడదీయరాని సంబంధం ఉంది.

పిండం కుదురుకునే వేళ

లోపొర పిండాన్ని ఎప్పుడూ రానివ్వదు. 28 రోజుల చక్రంలో సుమారు 20 నుంచి 24వ రోజు వరకు మాత్రమే అది పిండాన్ని స్వీకరించే స్థితిలో ఉంటుంది. 1950లో నోయిస్, హెర్టిగ్, రాక్ ఎండోమెట్రియం ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి అది చక్రంలో ఏ రోజుదో చెప్పే పద్ధతిని ప్రచురించారు. దశాబ్దాల పాటు సంతాన చికిత్సకు అదే కొలమానంగా నిలిచింది. కంటికి కనిపించే ఆకారం వెనుక ఏ సంకేతాలున్నాయన్న పరిశోధన 1990ల్లో ఊపందుకుంది.

1992లో కాలిన్ స్టీవర్ట్ బృందం లిఫ్ అనే సంకేత ప్రొటీన్ లేని ఎలుకల్లో పిండాలు తయారైనా గర్భాశయంలో అతుక్కోవని చూపించింది. అవే పిండాలను మామూలు ఎలుకలోకి మారిస్తే చక్కగా ఎదిగాయి. లోపం పిండంలో లేదు, తల్లి గర్భాశయం ఇవ్వాల్సిన ఒక సంకేతంలో ఉంది. 1994లో సుధాంశు దే ప్రయోగశాల మరో విషయం కనుగొంది. పిండం అతుక్కోవడానికి కొన్ని గంటల ముందే, దాని ఎదురుగా ఉన్న ఉపకళ మీద మాత్రమే హెచ్‌బీ-ఈజీఎఫ్ అనే ప్రొటీన్ కనిపిస్తుంది. గర్భాశయం పిండం రాకను ముందే పసిగడుతోంది. అదే బృందం 2003లో చేసిన ప్రయోగం వైద్యులు తప్పక గుర్తుంచుకోవలసినది. ఎలుకలో ఈస్ట్రోజెన్ కొద్ది మోతాదులో ఉంటే స్వీకరించే వేళ ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. మోతాదు పెంచితే ఆ వేళ త్వరగా ముగిసిపోతుంది. ఎక్కువ హార్మోన్ ఇస్తే ఎక్కువ మేలు జరుగుతుందన్న ఊహకు ఇది గట్టి సమాధానం.

ఎలుకలో దొరికినదాన్ని మనిషికి నేరుగా వర్తింపజేస్తే ఏమవుతుందో లిఫ్ కథే చెబుతుంది. పదేపదే పిండం నిలవని స్త్రీలకు లిఫ్‌ను మందుగా ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. గర్భం నిలిచే అవకాశం దాని వల్ల పెరగలేదు. స్వీకరించే వేళను వందలాది జన్యువుల తీరు చూసి గుర్తిస్తామంటూ 2011లో స్పెయిన్‌కు చెందిన కార్లోస్ సీమోన్ బృందం ఒక పరీక్షను తెచ్చింది. ప్రపంచమంతటా, మన నగరాల్లోని సంతాన సాఫల్య కేంద్రాల్లోనూ ఆ తరహా పరీక్షలు వ్యాపించాయి. 2022లో అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో వచ్చిన యాదృచ్ఛిక పరీక్షలో, ఆ ఫలితాన్ని బట్టి పిండాన్ని ప్రవేశపెట్టే సమయం మార్చినా సజీవ జననాలు పెరగలేదు. ఖర్చు పెట్టే దంపతులకు ఈ విషయం ముందే చెప్పడం వైద్యుల బాధ్యత.

డెసిడ్యువలైజేషన్‌తో ఇలా మారిన లోపొర, అంటే డెసిడ్యువా, పిండాన్ని మోయడంతో పాటు దాని నాణ్యతను కూడా పరీక్షిస్తుందని ఇంగ్లండ్‌లో జాన్ బ్రోసెన్స్ తదితరుల పని సూచిస్తోంది. ఈ లెక్కన పదేపదే గర్భస్రావాలు జరిగేవారిలో కొందరికి సమస్య పిండాన్ని తిరస్కరించడం కాకపోవచ్చు. ఎదగలేని పిండాన్ని కూడా రానిచ్చే గర్భాశయం వారిది కావచ్చు. తన తప్పేమో అని కుమిలిపోయే స్త్రీకి ఈ శాస్త్రం కనీసం ఆ భారాన్నయినా దించాలి.

ఊడిపోవడం, మచ్చ లేకుండా మానడం

గర్భం రాకపోతే కార్పస్ లూటియం వాడిపోతుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. 1940లో జె.ఇ. మార్కీ రీసస్ కోతి ఎండోమెట్రియం ముక్కలను ఆ కోతి కంటి ముందు గదిలోనే అతికించి, పారదర్శకమైన కార్నియా గుండా నెలసరిని కళ్లారా చూశారు. మెలికల ధమనులు బిగుసుకోవడం, తర్వాత రక్తస్రావం మొదలవడం ఆయన నమోదు చేశారు. రక్తం అందక కణజాలం చచ్చి ఊడుతుందన్న వివరణ చాలాకాలం సాగింది.

1986లో కాలిన్ ఫిన్ నెలసరిని వాపు ప్రక్రియగా చూడాలని ప్రతిపాదించారు. తర్వాతి పరిశోధన ఆ వైపే మొగ్గింది. ప్రొజెస్టిరాన్ ఉన్నంతకాలం స్ట్రోమాలో ఎన్ఎఫ్-కాపా-బీ అనే వాపు సంకేతం అణిగి ఉంటుంది. ప్రొజెస్టిరాన్ తగ్గగానే ఈ సంకేతం లేచి కాక్స్-2 ద్వారా ప్రోస్టాగ్లాండిన్లను, ఇంటర్‌ల్యూకిన్-8ను పెంచుతుంది. తెల్లరక్తకణాలు చేరతాయి. మాట్రిక్స్ మెటలోప్రొటీనేజ్ ఎంజైములు కణజాలాన్ని కరిగిస్తాయి. ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2-ఆల్ఫా కండరాన్ని బిగించడం వల్ల నొప్పి పుడుతుంది. మెఫెనామిక్ ఆసిడ్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు నెలసరి నొప్పిని తగ్గించేది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడం వల్లే. నొప్పికి స్పష్టమైన రసాయన కారణం ఉంది. అమ్మాయిలను ఓర్చుకోమని చెప్పే సలహాకు శాస్త్రంలో ఏ ఆధారమూ లేదు.

ఊడిన చోటు కొన్ని రోజుల్లోనే మచ్చ లేకుండా మానుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు కదిలే హిఫ్-1 అనే సంకేతం ఈ మానడానికి అవసరమని ఎడిన్‌బరోలో హిలరీ క్రిచ్లీ, జాకీ మేబిన్ తదితరులు చూపించారు. అధిక రక్తస్రావం ఉన్న స్త్రీలలో ఆ సంకేతం తక్కువగా ఉందని కూడా గమనించారు. నెలసరి రక్తం 80 మిల్లీలీటర్లు దాటడమే పాత నిర్వచనం. ఇప్పుడు స్త్రీ జీవితాన్ని ఇబ్బంది పెట్టేంత రక్తస్రావం ఏదైనా అధికమే అని లెక్కిస్తున్నారు. ఇది సరైన మార్పు.

నెలసరి మనిషితో పాటు కొన్ని కోతి జాతుల్లో, కొన్ని గబ్బిలాల్లో ఉంది. 2017లో ముళ్ల ఎలుకలో కూడా నెలసరి ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ప్రకటించారు. పరిశోధనకు మామూలు ఎలుక ఇవ్వలేని వెసులుబాటును ఇది ఇవ్వవచ్చు.

వరుస తప్పినప్పుడు

పై వరుసలో ఏ మెట్టు తప్పినా ఒక్కో జబ్బు.

ఎండోమెట్రియోసిస్‌లో లోపొరను పోలిన కణజాలం గర్భాశయం బయట పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో పునరుత్పత్తి వయసు స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంది. షికాగోకు చెందిన సెర్దార్ బులున్ పరిశోధనలు ఇందులోని విషవలయాన్ని విప్పాయి. ఆ కణజాలం అరోమటేజ్ అనే ఎంజైమ్‌తో తన ఈస్ట్రోజెన్‌ను తానే తయారు చేసుకుంటుంది. ఈస్ట్రోజెన్ ప్రోస్టాగ్లాండిన్ ఈ2ను పెంచుతుంది. అది తిరిగి అరోమటేజ్‌ను పెంచుతుంది. ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు తగ్గిపోవడంతో ఆ హార్మోన్ మాట చెల్లదు. ఎస్ట్రడయోల్‌ను బలహీనపరిచే ఎంజైమ్ కూడా అందులో కొరవడుతుంది. రక్తంలో హార్మోన్లు మామూలుగానే కనిపిస్తాయి. అందుకే రిపోర్టులన్నీ బాగున్నాయంటూ ఈ స్త్రీలను ఏళ్ల తరబడి వెనక్కి పంపడం జరుగుతోంది.

పీసీఓఎస్ అనే అండాశయ సమస్యలో అండం సక్రమంగా విడుదల కాదు కాబట్టి ప్రొజెస్టిరాన్ రాదు. ఊబకాయంలో కొవ్వు కణజాలం ఈస్ట్రోజెన్‌ను తయారు చేస్తుంది. రెండు సందర్భాల్లోనూ పెరగమన్న సంకేతం ఉంటుంది, ఆపే సంకేతం ఉండదు. ముట్లుడిగిన స్త్రీలకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే గర్భాశయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 1975లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన రెండు అధ్యయనాలు హెచ్చరించాయి. అప్పటి నుంచి గర్భాశయం ఉన్నవారికి ప్రొజెస్టోజెన్ (ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే మందు) కలిపి ఇవ్వడం నియమమైంది. ఈ క్యాన్సర్‌లో పీఐ3కే వరుసకు కళ్లెం వేసే పీటెన్ జన్యువు తరచుగా దెబ్బతిని ఉంటుంది. ప్రొజెస్టిరాన్ తన పని చేయించుకునే హ్యాండ్2 జన్యువు మూతపడి ఉంటుందని 2013లో తేలింది. ఎలుకలో కనిపెట్టిన కాపలాదారే మనిషి క్యాన్సర్‌లో కనిపించకుండా పోయాడు.

ఫైబ్రాయిడ్ గడ్డలు కండర పొరలోవి. వాటిలో సుమారు 70 శాతంలో మెడ్12 జన్యువు మారి ఉంటుందని 2011లో ఫిన్లండ్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. లోపొరలో పెరుగుదలను ఆపే ప్రొజెస్టిరానే ఈ గడ్డల్ని పెంచుతుంది. ఒక అవయవంలో, పక్కపక్కనే ఉన్న రెండు పొరల్లో, ఒకే హార్మోన్‌కు రెండు వ్యతిరేక ఫలితాలు.

మందులు నేర్పిన పాఠాలు

టమోక్సిఫెన్ రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకుంటుంది. గర్భాశయంలో ఈస్ట్రోజెన్‌లా పనిచేసి, ముట్లుడిగినవారిలో లోపొర క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. రెండు చోట్లా గ్రాహకం ఒకటే, దానికి తోడయ్యే సహాయక ప్రొటీన్లు వేరు. ఆ మాత్ర వాడే స్త్రీకి రక్తస్రావం కనిపిస్తే వెంటనే పరీక్ష అవసరం.

ఇదే సూత్రాన్ని మేలుకు వాడిన మందు మన దేశంలోనే పుట్టింది. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన ఆర్మెలాక్సిఫీన్ 1991లో సహేలీ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వ కార్యక్రమంలో ఛాయ పేరుతో ఉచితంగా అందుతోంది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి వేసుకునే ఈ మాత్ర స్టెరాయిడ్ కాదు. ఇది గర్భాశయంలో ఈస్ట్రోజెన్ సంకేతాన్ని అడ్డుకుని, లోపొర పిండానికి సిద్ధం కాకుండా చేస్తుంది. అధిక రక్తస్రావానికి కూడా వైద్యులు దీన్ని వాడుతున్నారు.

1980లో ఫ్రాన్స్‌లో తయారైన మిఫెప్రిస్టోన్ ప్రొజెస్టిరాన్ గ్రాహకాన్ని మూసేస్తుంది. గర్భం నిలబడడానికి ఆ గ్రాహకం ఎంత అవసరమో ఈ మాత్ర ప్రభావమే చెబుతుంది. మన దేశంలో 2002 నుంచి వైద్య పర్యవేక్షణలో గర్భవిచ్ఛిత్తికి దీనికి అనుమతి ఉంది.

లెవొనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టోజెన్‌ను విడుదల చేసే గర్భాశయ సాధనం మందును నేరుగా లోపొరకే అందిస్తుంది. రోజుకు సుమారు 20 మైక్రోగ్రాములతో మొదలయ్యే మోతాదుతో ఉపకళ పలచబడి, రక్తస్రావం బాగా తగ్గుతుంది. 2013లో వెలువడిన ఎక్లిప్స్ పరీక్ష, అధిక రక్తస్రావంతో బాధపడే స్త్రీల జీవితాన్ని మెరుగుపరచడంలో ఇది మామూలు మాత్రల కన్నా మెరుగని తేల్చింది.

ప్రొజెస్టిరాన్ మందు విషయంలో ఆధారాలను జాగ్రత్తగా చదవాలి. కారణం తెలియని పదేపదే గర్భస్రావాలున్న వారందరికీ ఇస్తే లాభం లేదని 2015లో ప్రామిస్ పరీక్ష చెప్పింది. 2019లో ప్రిజమ్ పరీక్షలో కూడా మొత్తం మీద స్పష్టమైన తేడా రాలేదు. అయితే గతంలో గర్భస్రావాలు జరిగి, ఈసారి తొలి నెలల్లో రక్తం కనిపించిన స్త్రీలలో మేలు కనిపించింది. ప్రతి గర్భిణికీ అలవాటుగా రాసే ఇంజెక్షన్లకు ఈ ఫలితాలు మద్దతు ఇవ్వవు.

కొత్త పనిముట్లు

ఇప్పుడు ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదవగలుగుతున్నారు. 2021లో ఇంగ్లండ్‌లోని వెల్‌కమ్ సాంగర్ సంస్థకు చెందిన రోసర్ వెంటో-టోర్మో బృందం మనిషి ఎండోమెట్రియం కణపటాన్ని ప్రచురించింది. స్రావాలను వదిలే కణాలుగా, సన్నని నూగు (సీలియా) ఉన్న కణాలుగా ఉపకళ విడిపోవడాన్ని వింట్, నాచ్ సంకేతాలు నిర్దేశిస్తాయని అందులో చూపించారు. 2017 నుంచి ప్రయోగశాలలో లోపొర గ్రంథులను త్రిమితీయంగా పెంచుతున్నారు. నెలసరి ద్రవం నుంచి కూడా ఈ కణాలను సేకరించి పెంచవచ్చని తర్వాత తేలింది. బయాప్సీ అవసరం లేకుండా స్త్రీ సొంత కణాల మీద మందును పరీక్షించే రోజు దగ్గరలోనే ఉంది. మనిషిలో స్ట్రోమా, ఉపకళల మధ్య కబురు ఎలుకలోలాగే నడుస్తుందా అన్న పాత ప్రశ్నను తేల్చగలిగేది కూడా ఈ పద్ధతే.

మన దగ్గర ఈ శాస్త్రం ఎవరికి చేరింది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత 2015–16లో జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలు మనవే. ఆపరేషన్‌కు ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం లేదా నొప్పి. అంటే ఈ వ్యాసంలో వివరించిన సంకేతాల్లో వచ్చిన తేడాలే. వాటిలో చాలావాటికి మాత్రలున్నాయి, సాధనాలున్నాయి. క్యాన్సర్‌కు, మందులకు లొంగని జబ్బుకు, ప్రాణాపాయ స్థితికి ఆపరేషన్ తప్పనిసరి, దాన్ని వాయిదా వేయకూడదు. మిగతా సందర్భాల్లో అది చివరి మెట్టు కావాలి. మన దగ్గర చాలామందికి అదే మొదటి మెట్టు అయింది.

ముప్పైల్లో గర్భసంచి తీసేస్తే నష్టం పిల్లలు పుట్టకపోవడంతో ఆగదు. దాంతో పాటు అండాశయాలనూ తీస్తే హఠాత్తుగా ముట్లుడిగి ఎముకలు, గుండె దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. అండాశయాలను ఉంచినా అవి ముందుగానే అలసిపోయే అవకాశం ఎక్కువ. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. వాటిని అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆదేశాలు ఊరి ఆసుపత్రి దాకా రావాలంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్, మెఫెనామిక్ ఆసిడ్ ఎప్పుడూ దొరకాలి. లెవొనార్జెస్ట్రెల్ సాధనం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా అమర్చాలి. ఆపరేషన్‌కు ముందు రెండో వైద్యుని అభిప్రాయం తప్పనిసరి కావాలి.

పాఠకులకు ఒక మాట. మీ ఇంట్లో ఎవరికైనా గర్భసంచి తీసేయాలని చెబితే నాలుగు ప్రశ్నలు అడగండి. జబ్బు పేరేమిటి? బయాప్సీ, స్కానింగ్ ఏం చెప్పాయి? మాత్రలు, గర్భాశయ సాధనం ప్రయత్నించామా, లేకపోతే ఎందుకు వద్దంటున్నారు? అండాశయాలను ఉంచుతారా? వీటికి తృప్తికరమైన జవాబు రాకపోతే మరో వైద్యురాలిని కలవండి. శతాబ్దానికి పైగా సాగిన ఈ పరిశోధన వల్ల చేతికొచ్చిన చికిత్సలను వాడి చూడకుండా, ఆ అవయవాన్ని ఏ స్త్రీ కూడా పోగొట్టుకోకూడదు.